నల్ల కుక్క బొమ్మ గీయించే ముందు తీయాల్సిన ఫొటోలు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ లాబ్రడార్ బొమ్మ గీయిస్తానన్నావు, సంతోషం. నువ్వు పంపిన ఫొటోలు ముద్దుగానే ఉన్నాయి గానీ బొమ్మకు ఒక్కటీ పనికిరాదు. అన్నింట్లోనూ అదొక నల్లటి మరకలా ఉంది. కన్నెక్కడో, మూతి ఎక్కడ మొదలయిందో తెలియడం లేదు. ఫొటోలో లేనిదాన్ని చిత్రకారుడు ఊహించి వేస్తే అది ఏదో ఒక లాబ్రడార్ అవుతుంది, మీ కుక్క కాదు.

ముందు వెలుతురు చూసుకో. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే వీపు తెల్లగా మెరిసి మొహం చీకటైపోతుంది. నీడపట్టున ఉన్న వసారా గానీ, నేరుగా ఎండ పడని పెద్ద కిటికీ గానీ చాలు. కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో కూర్చోబెట్టు. నువ్వు ఫోన్ పట్టుకున్నప్పుడు కిటికీ నీకు ఓ పక్కన, కాస్త వెనగ్గా ఉండాలి; కుక్క వెనక మాత్రం ఉండకూడదు. కుదిరితే దాని కంట్లో చిన్న తెల్లటి మెరుపు కనబడుతుంది. అది లేని ఫొటో ఎంత బాగున్నా పక్కన పెట్టెయ్. ఫ్లాష్ జోలికి వెళ్లకు. కుక్క కంటి లోపల వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, ఫ్లాష్ పడితే కళ్లు దీపాల్లా వెలిగి అసలు రంగు పోతుంది.

నల్ల బొచ్చుతో అసలు తంటా వేరే. వెనక తెల్లగోడ ఉంటే ఫోన్ ఆ గోడకు తగ్గట్టు వెలుతురు తగ్గించేస్తుంది, కుక్క మసిముద్దవుతుంది. కుక్కే తెరంతా నిండితే చీకటనుకుని పెంచేస్తుంది, నలుపు కాస్తా బూడిదరంగవుతుంది. అందుకే వెనక బూడిదరంగు దుప్పటి కట్టు. తెర మీద మొహం దగ్గర వేలితో తాకి, వెలుతురు గీతను జరుపుతూ బుగ్గ మీద వెంట్రుకలు విడివిడిగా కనపడేదాకా సర్దు. అక్కడి నుంచి కొంచెం ఎక్కువగా ఒకటి, కొంచెం తక్కువగా ఒకటి కూడా తీసిపెట్టు. ఎర్ర దుప్పటి, పచ్చగడ్డి వద్దు. మెరిసే నలుపు పక్కనున్న రంగును పీల్చుకుంటుంది, గడ్డం కింద ఆ ఛాయ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

నేల మీద కూర్చుని తియ్. కెమెరా దాని కంటి ఎత్తులో ఉండాలి. నిలబడి తీస్తే తల పెద్దదై కాళ్లు పొట్టివవుతాయి. మరీ దగ్గరికెళ్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి చిన్నవవుతాయి. ఆరడుగుల దూరంలో ఉండి, ఫోన్‌లో రెండు రెట్లు, మూడు రెట్లు చూపించే లెన్సు ఉంటే అది వాడు. రెండు వేళ్లతో లాగి పెద్దది చేస్తే వివరం పోతుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా ఆపెయ్. వెనక మసక చేసే ఆత్రంలో మీసాలనూ చెవి అంచులనూ మింగేస్తుంది.

తీసే ముందు కంటి పుసులు తడి దూదితో తుడువు. మెడ బెల్టు బొమ్మలో వద్దనుకుంటే అరగంట ముందే తీసెయ్, అణిగిన బొచ్చు లేవాలి కదా. షికారు తిప్పితే రొప్పు తగ్గేదాకా ఆగు. నాలుక వేలాడుతుంటే మూతి సాగి మొహం ఆకారమే మారిపోతుంది. చెవులు నిక్కేందుకు వింత చప్పుడు రెండు మూడు సార్లే పనిచేస్తుంది, కాబట్టి అంతా సర్దుకున్నాకే నీ వెనక నుంచి ఎవరిచేతనైనా చేయించు. ఆ క్షణంలో వరసగా పది తియ్.

యాభై తీసి ఆరు పంపు: ఎదురుగా ఒకటి, కాస్త పక్కకు తిరిగినది ఒకటి, రెండు పక్కలూ, నిండు విగ్రహం, కళ్లూ ముక్కూ దగ్గరగా ఒకటి. పెద్దది చేసి చూస్తే కనురెప్ప అంచు స్పష్టంగా ఉండాలి. కత్తిరించకు, రంగులు దిద్దకు. మూతి మీద నెరిసిన వెంట్రుకలుంటే ఉండనీ. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపు.

పావుగంటకు మించి విసిగించకు. లేచి వెళ్లిపోతే వదిలేసి, మర్నాడు అదే వేళకు అదే కిటికీ దగ్గర మళ్లీ మొదలుపెట్టు.

మీ పెదనాన్న