పాదం బయటి అంచున ఎముక విరిగితే ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 43. వారం కిందట మెట్లు దిగుతుంటే కుడి పాదం లోపలికి మడతపడింది. బయటి అంచున వాచి, కమిలిపోయింది. ఎక్స్‌రే తీసి ఐదో మెటటార్సల్ (చిటికెన వేలి వెనక పాదంలో ఉండే పొడవాటి ఎముక) మొదట్లో విరిగిందన్నారు. ఒక డాక్టర్ బూటు వేసుకుని నడవమన్నారు, మరొకరు స్క్రూ వేయాలంటున్నారు. ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు. నాకు షుగరు ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎక్స్‌రే చూడకుండా ఇద్దరిలో ఎవరి మాట సరైనదో చెప్పలేను. ఈ ఎముకలో పగులు ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే చికిత్సే మారిపోతుంది.

పాదం బయటి అంచు వెంట మడమ నుంచి చిటికెన వేలి వైపు వేలితో తడుముతూ వస్తే, దాదాపు సగం దూరంలో ఒక బొడిపె తగులుతుంది. ఐదో మెటటార్సల్ మొదలు అదే. పిక్క బయటివైపు నుంచి దిగే ఒక కండరం తాలూకు టెండన్ (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడులాంటి భాగం) అక్కడ అతుక్కుని ఉంటుంది. పాదం లోపలికి మడతపడినప్పుడు ఆ టెండన్, అరికాలి చర్మం కింద ఉండే గట్టి పట్టీలాంటి పొర గట్టిగా లాగడంతో బొడిపె కొన ఊడుతుంది. ఎక్కువమందికి జరిగేది ఇదే. అక్కడ రక్తప్రసరణ బాగుంటుంది కాబట్టి గట్టి అడుగున్న బూటుతో, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడుస్తూ ఉంటే సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో తగ్గిపోతుంది. ముక్క 2-3 మిల్లీమీటర్లకు మించి జరిగినా, కీలు ఉపరితలం బాగా దెబ్బతిన్నా అప్పుడు ఆపరేషన్ ఆలోచిస్తాం.

పగులు ఇంకాస్త ముందుకు, నాలుగో ఐదో మెటటార్సల్ ఎముకలు ఆనుకునే కీలు దగ్గర ఉంటే దాన్ని జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. బ్రిటిష్ సర్జన్ రాబర్ట్ జోన్స్ డ్యాన్స్ చేస్తూ తన పాదమే విరగ్గొట్టుకుని, 1902లో దాని గురించి రాశారు. అక్కడికి రక్తం తక్కువగా అందుతుంది, అతకడం ఆలస్యం. కాలు నేలకు ఆనించకుండా 6 నుంచి 8 వారాలు పిండికట్టు వేస్తాం. అయినా కొందరిలో అతకదు. అందుకే ఆటగాళ్లకు, త్వరగా పనిలోకి వెళ్లాల్సినవాళ్లకు ముందే స్క్రూ వేయడం మంచిదంటాం.

కాబట్టి డాక్టర్‌ను సూటిగా రెండు ప్రశ్నలు అడగండి: పగులు బొడిపె కొనలో ఉందా, అక్కడి నుంచి వేళ్ల వైపు ముందుకు ఉందా? ముక్క ఎంత జరిగింది?

ఇక మీ షుగరు సంగతి. నేనైతే దీనికే ఎక్కువ భయపడతాను. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే నొప్పి తెలియదు, నొప్పి లేదు కదా అని బరువు మోపేస్తారు. బూటు ఒరుసుకుని పుండు పడినా తెలియదు. రోజూ రాత్రి బూటు విప్పి మడమ, చీలమండ, వేళ్ల సందులు వెలుతురులో చూసుకోండి. గత రెండు మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి, షుగరు అదుపులో లేకపోతే ఎముక అతకడం ఆలస్యమవుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కిడ్నీ పరీక్ష చూపించకుండా వాడకండి. కూర్చున్నా పడుకున్నా కాలు గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద ఉంచితే వాపు తగ్గుతుంది.

పుత్తూరు కట్టు మీద మీ ఇంట్లోవాళ్లకున్న నమ్మకం నాకు అర్థమవుతుంది. కానీ వాచిన పాదానికి బిగుతైన కట్టు పడితే రక్తప్రసరణ ఆగిపోవచ్చు, స్పర్శ తగ్గిన పాదం ఆ సంగతి చెప్పదు. వద్దనే అంటాను. నూనె రాసి తోమించడం కూడా వద్దు.

ఆరు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయించండి. నొప్పి పోయాక కూడా అందులో పగులు గీత కనబడుతుంటే కంగారుపడకండి, ఎక్స్‌రేలో ఎముక నిండినట్టు కనబడటానికి ఇంకా నెలలు పట్టవచ్చు. మూడు నెలలకీ వేలితో నొక్కితే నొప్పి ఉంటే మాత్రం సీటీ స్కాన్ అవసరం కావచ్చు.

వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, పిక్కలో నొప్పి వాపు వచ్చినా, ఆయాసం మొదలైనా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. పాదం అంతా ఎర్రబడి వేడిగా ఉంటే, నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకండి. షుగరు ఉన్నవారిలో పాదం కీళ్లు కుంగిపోయే జబ్బు అలాగే మొదలవుతుంది.