‘అందాలలో’ పాట వింటే నాకు శ్రీదేవి కాదు, మామిడికాయలు గుర్తొస్తాయి

చిన్నప్పుడు ఇష్టపడ్డ సినిమాలో పాట ఇన్నేళ్ల తర్వాత చెవిన పడితే మనసు ఎందుకలా అయిపోతుంది, మీకు అలాంటి పాట ఏది అని అడిగారు. నాకైతే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ‘అందాలలో అహో మహోదయం’. కానీ ఆ పాట వింటే నాకు తెర మీద బొమ్మ పెద్దగా గుర్తు రాదు. మా చిన్నాన్న టేప్ రికార్డరు గుర్తొస్తుంది, పచ్చి మామిడికాయల వాసన గుర్తొస్తుంది. ఎందుకో చెప్తాను.

మాది ఉలవపాడు దగ్గర పల్లె. ఉలవపాడు అంటే మామిడికాయలూ సపోటాలే కదా, మాకూ కొంచెం తోట ఉండేది. సినిమా 1990 మే 9న విడుదలైంది. సరిగ్గా ఆ రోజే పెద్ద తుఫాను తీరం దాటింది. అసలు దెబ్బ కృష్ణా జిల్లా వైపు తగిలింది గానీ, గాలీ వానా మా వైపు కూడా వదల్లేదు. మే నెలంటే కాయ చెట్టు మీద ఉండే రోజులు. తెల్లారేసరికి తోటలో నడవడానికి చోటు లేకుండా కాయలు రాలి ఉన్నాయి. నాయన వాటి మధ్యలో నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సినిమా సంగతి ఆలోచించే స్థితిలో ఇంట్లో ఎవరూ లేరు.

ఆడవాళ్లంతా కూర్చుని రాలిన కాయలు తరిగారు. ఊరగాయకి పోగా మిగిలినవి ఒరుగులు చేద్దామంటే ఎండ లేదు. వసారా నిండా ముక్కలు పరిచి ఉండేవి, ఇల్లంతా పులుపు వాసన.

కరెంటు లేదు. చిన్నాన్న దగ్గర ఒక టూ ఇన్ వన్ ఉండేది, రేడియో, టేపు రెండూ అందులోనే. తుఫానుకి కొన్ని రోజుల ముందే కందుకూరులో పాటలు ఎక్కించుకుని ఒక క్యాసెట్ తెచ్చుకున్నాడు. ఈ తరం వాళ్లకి ఇది చెప్పాలి: అప్పట్లో చీటీ మీద కావాల్సిన పాటల పేర్లు రాసి ఇస్తే షాపువాళ్లు ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్, వైపుకి అరగంట. వరసలో ఆఖరి పాట పూర్తిగా పట్టకపోతే పట్టినంత వరకే. మా క్యాసెట్లో అలా తెగిపోయింది ‘అందాలలో’. రెండో చరణం మధ్యలో టక్కుమని ఆగి, మీట పైకి లేచేది.

బ్యాటరీలు రేడియో వార్తలకి దాచాలని ఇంట్లో ఆర్డరు. మేం పాటలు పెడితే అవ్వ కేకలేసేది: “ఏందిరా ఆ పాటలు! ముందు వార్తలు పెట్టండి, ఇంకో గాలివాన వస్తా ఉందేమో!” ఆమె దొడ్లోకి వెళ్లగానే మళ్లీ పెట్టేవాళ్లం. బ్యాటరీలు నీరసపడే కొద్దీ బాలు గొంతు సాగిపోయి ముసలి గొంతు అయ్యేది. ఎండ వచ్చాక వాటిని ఒరుగుల పక్కనే చాప మీద ఆరబెట్టాం. కాసేపు పనిచేసేవి కూడా.

సినిమా కొన్ని వారాల తర్వాత కందుకూరులో చూశాం. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు చిరంజీవి, శ్రీదేవి మధ్య ప్రేమ ఏమాత్రం పట్టలేదు. శ్రీదేవి పోగొట్టుకుంటే హీరో చేతికి వచ్చే ఆ ఉంగరం నాకు కావాలి. హీరో ఇంట్లో పెరిగే అనాథ పిల్లలు నచ్చారు, షాలినీ షామిలీ ఉన్నారుగా. ఇంద్రుడి కూతురు, అంటే శ్రీదేవి, భూమ్మీదికి దిగి మురిసిపోతూ పాడే ఈ పాట వచ్చినప్పుడు మాత్రం రెండో చరణం దాకా నోట్లో పాడుకుంటూనే ఉన్నాను. టక్కుమని ఆగాల్సిన చోట ఆగలేదు. చిన్నాన్నని గిచ్చి “ఇంకా ఉందా ఈ పాట!” అని అడిగాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. సినిమా మళ్లీ 2025 మే 9న, అంటే సరిగ్గా ముప్పై అయిదేళ్లకి, థియేటర్లలోకి వచ్చింది, త్రీడీలో కూడా. మా అబ్బాయిని తీసుకుని నెల్లూరులో చూశాను. బొమ్మ తళతళలాడుతోంది, ఇళయరాజా వాయిద్యాలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తున్నాయి. బాగుంది, ఈల కూడా వేశాను. కానీ గొంతులో ఏమీ అడ్డం పడలేదు.

ఆ తర్వాత మామిడికాయల సీజన్లోనే, ఉలవపాడు హైవే పక్కన కాయల అంగడి దగ్గర బండి ఆపి బేరం చేస్తున్నాను. పక్కన ఆటోలో, స్పీకరు పగిలి గరగరమంటుంటే, ఇదే పాట. బేరం మర్చిపోయి నిలబడిపోయాను. పాట రెండో చరణంలోకి వచ్చేసరికి నా చెవి మీట చప్పుడు కోసం ఎదురు చూస్తోంది! మా ఆవిడ “ఏమైంది?” అంటే ఏం చెప్పాలో తెలియలేదు.

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జ్ఞాపకాలు మిగతా వయసు వాటికన్నా చిక్కగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్తారు. నాకు అప్పటికి పదేళ్లు కూడా లేవు. అందుకే నా లెక్క వేరే. సినిమా ఒకసారో రెండుసార్లో చూస్తాం. పాటని పనులు చేసుకుంటూ, తిట్లు తింటూ కొన్ని వందల సార్లు వింటాం. ఆ పనులూ తిట్లే పాటకి అంటుకుంటాయి. శుభ్రం చేసిన సౌండులో అవి ఉండవు, గరగరలో ఉంటాయి. మీకు గుర్తొచ్చే పాట కూడా మంచి హెడ్‌ఫోన్లలో కాకుండా, అప్పుడు విన్నట్టే రేడియోలోనో పాత సెట్లోనో విని చూడండి.

బాలు గారి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. నెల్లూరులో తిప్పరాజువారి వీధిలో తన ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు, అదే ఏడాది సెప్టెంబరులో పోయారు. మా ప్రాంతాన్ని 1970లో నెల్లూరు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. దాంతో నెల్లూరు చుట్టాలు “బాలు మావాడు” అన్నప్పుడల్లా మేం నోరు మూసుకోవాల్సి వచ్చేది. 2022లో మమ్మల్ని మళ్లీ నెల్లూరులో కలిపినప్పుడు ఊళ్లో కలెక్టరాఫీసు దూరమైందని అందరూ గొణిగారు. నాకు మాత్రం అప్పుడు ఆయన మా జిల్లావాడు అయినందుకే సంతోషం వేసింది.

ఆ క్యాసెట్లో బి సైడు మొదటి పాట ‘ప్రియతమా’ అని మా చెల్లెలు ఇప్పటికీ వాదిస్తుంది. కాదు, ‘అబ్బనీ తియ్యనీ దెబ్బ’ అంటాను నేను, ఆ పాట పాడినందుకు అవ్వ చేతిలో తిన్నది నేను గనక. తేల్చుకుందామంటే క్యాసెట్ లేదు. చిన్నాన్న అయ్యప్ప మాల వేసుకున్న ఏడాది దాని మీదే భజనలు ఎక్కించేశాడు.