వేలిముద్ర దొరికితే నేరం రుజువైనట్లేనా?

ప్రశ్న: దొంగతనం జరిగిన ఇంట్లో ఒకరి వేలిముద్ర దొరికితే, ఆ వ్యక్తే దొంగ అని కోర్టు తీర్పు చెబుతుందా?
– పదో తరగతి విద్యార్థిని, ఖమ్మం

జవాబు: అదొక్కటే చూసి చెప్పదు. ఆ వ్యక్తి ఆ వస్తువును తాకాడని మాత్రమే వేలిముద్ర తెలుపుతుంది. ఎప్పుడు, ఎందుకు తాకాడో సాధారణంగా తెలుపలేదు. తరచూ వచ్చిపోయే బంధువు ముద్ర తలుపు మీద ఉండడం సహజమే కాని, ఆ ఇంట ఎన్నడూ అడుగుపెట్టని మనిషి ముద్ర బీరువాలోని నగల పెట్టె మీద కనిపిస్తే దానికి ఎంతో బలముంటుంది.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 39వ సెక్షన్ ప్రకారం, వేలిముద్రల నిపుణుడు చెప్పేది అభిప్రాయం. దాన్ని మిగతా సాక్ష్యాలతో కలిపి తూచవలసింది న్యాయమూర్తి. ముద్రను ఎవరు సేకరించారు, సీలు వేసి ల్యాబుకు ఎలా చేర్చారు అన్న వివరాల్లో ఎక్కడ లొసుగున్నా నిందితుడి న్యాయవాది ప్రశ్నిస్తాడు, ప్రశ్నించాలి కూడా. సహేతుకమైన సందేహానికి తావులేకుండా నేరాన్ని రుజువు చేయవలసిన భారం ప్రాసిక్యూషన్‌దే, అంటే నేరం మోపిన ప్రభుత్వ పక్షానిదే.

ఈ శాస్త్రానికి మన దేశంతో గాఢమైన సంబంధముంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రల వర్గీకరణకు పోలీసు ఉద్యోగులైన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఎంతో శ్రమించినా, ఆ పద్ధతికి వారి పై అధికారి హెన్రీ పేరే స్థిరపడడం నాకు అన్యాయంగానే తోస్తుంది.