వీసెంటర్‌కు స్నాప్‌షాట్ చాలా?

ప్రశ్న: మా వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లను) ఒకచోటి నుంచి నిర్వహించే వీఎంవేర్ వీసెంటర్ సర్వర్‌కు రోజూ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్న స్థితిని భద్రపరచడం) తీస్తున్నాను. అది బ్యాకప్‌గా సరిపోతుందా? సర్వర్ పోతే వర్చువల్ మెషీన్లన్నీ ఆగిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ టెన్షన్ వద్దండీ. వీసెంటర్ ఆగినా, ఈఎస్ఎక్స్ఐ హోస్టుల (వర్చువల్ మెషీన్లను నడిపే సర్వర్ల) మీద మెషీన్లు నడుస్తూనే ఉంటాయి. వీమోషన్, అంటే నడుస్తున్న మెషీన్‌ను ఒక హోస్టు నుంచి మరో హోస్టుకు మార్చడం మాత్రం చేయలేరు.

స్నాప్‌షాట్‌ను నమ్ముకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మామూలుగా అది అసలు డిస్కు ఉన్న డేటాస్టోర్‌లోనే (మెషీన్ల ఫైళ్లు ఉండే స్టోరేజీలోనే) ఉంటుంది. స్టోరేజీ పాడైతే రెండూ పోతాయి. బ్రౌజర్‌లో వీసెంటర్ 5480 పోర్టులో మేనేజ్‌మెంట్ పేజీ తెరిచి, వేరే ఎస్ఎఫ్‌టీపీ (ఫైళ్లను సురక్షితంగా పంపే పద్ధతి) సర్వర్‌కు రోజువారీ బ్యాకప్ షెడ్యూల్ పెట్టండి. ఇందులో వీసెంటర్ సెట్టింగులు, డేటాబేస్ వస్తాయి. వర్చువల్ మెషీన్లు రావు, వాటి బ్యాకప్ వేరే.

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ రీస్టోర్ గురించే. ఇన్‌స్టాలర్ ముందు కొత్త అప్లయన్స్‌ను (వీసెంటర్ నడిచే వర్చువల్ మెషీన్‌ను) పెడుతుంది, తర్వాత అందులోకి డేటా తెస్తుంది. బ్యాకప్ తీసిన వెర్షన్, బిల్డ్ ఏవో అదే ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఉండే ఫైలు) కావాలి. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఆ ఫైలు విడిగా దాచండి. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, అది లేకుండా రీస్టోర్ కాదు. దాన్ని వీసెంటర్ బయట రాసిపెట్టండి. పాత సర్వర్ ఇంకా నడుస్తుంటే, రీస్టోర్‌కు ముందే ఆపేయండి.