ముందు ఒళ్లు చూడు బిడ్డా

బిడ్డా,

అచ్చంపేట వైపు డాక్టరుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. వానలు పడ్డాయంటే జ్వరం, ఒంటి మీద దద్దులతో వచ్చేవాళ్లు నీ గది ముందు బారులు తీరతారు. అందరికీ ప్లేట్‌లెట్ల పరీక్ష రాసి ఊరుకోకు. ముందు ఒళ్లు చూడు.

ట్యూబ్‌లైట్ కింద మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు. కిటికీ దగ్గరికి పిలువు. అరచేతులు, అరికాళ్లు, నోట్లో అంగిలి, కింది రెప్ప లోపల చూడు. మచ్చను వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే నిదానంగా ఆలోచించే వ్యవధి ఉన్నట్టే చాలాసార్లు. నొక్కినా పోకపోతే అది చర్మంలోకి దిగిన రక్తం. దానికి తోడు చేతులు చల్లబడి, బీపీ పడిపోతున్నా, మెడ పట్టేసినా మెదడు పొరలకూ రక్తానికీ పాకే మెనింగోకాకస్ బాక్టీరియా అనుకో. రిపోర్టు కోసం ఆగకుండా సెఫ్‌ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ 2 గ్రాములు నరానికి ఇచ్చి, సెలైన్ పెట్టి, 108 పిలువు. నువ్వు మాస్కు మర్చిపోకు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. పత్తి ఏరే ఆమె, వారం రోజుల జ్వరం. డెంగీ కాదని తేలింది, టైఫాయిడ్ అని మందులు మొదలుపెట్టా. నాలుగో రోజు ఒళ్లు తుడుస్తున్న సిస్టరమ్మ వచ్చి, "సార్, రొమ్ము కింద ఏదో కాలిన మచ్చ ఉంది" అన్నది. బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఆమే చెప్పలేదు. స్క్రబ్ టైఫస్, పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం. మొహమాటపడి నేను చూడలేదు, అంతే. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రెండు పూటలా ఇస్తే రెండు రోజుల్లో జ్వరం దిగింది. చంకలు, గజ్జలు, మగవాళ్లకైతే మొలతాడు కింద కూడా వెతుకు. ఈ జ్వరానికి చేసే వీల్-ఫెలిక్స్ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చిందని కొట్టిపారేయకు.

డెంగీలో జ్వరం దిగిన రోజే మనకు టెన్షన్. వాళ్లేమో తగ్గింది కదా, ఇంటికి పోతాం అంటారు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మగత ఉంటే పంపకు. ప్లేట్‌లెట్లు చూడటంతో పాటు రక్తంలో ఎర్రకణాల శాతం, అదే హెమటోక్రిట్, పెరుగుతోందా చూడు.

"ఏం మందులు వాడావ్?" అంటే "ఏం లేవు" అంటారు. ఊళ్లో ఆర్ఎంపీ వేసిన సూది లెక్కలోకి రాదు మరి! ఖాళీ స్ట్రిప్పులు తెమ్మను. మందు ముందా, దద్దు ముందా అన్నది తేల్చు. ఫిట్స్ గోలీలు మొదలుపెట్టి రెండు నెలల లోపే అయితే గట్టిగా అనుమానించు. నోరు పూసి, కళ్లు ఎర్రబడి, చర్మం మంటపుడుతుంటే ఆ గోలీ ఆపించి పెద్దాసుపత్రికి పంపు.

"అమ్మవారు పోసింది" అంటే వాదించకు, వేపాకులు ఉండనీ. పెద్దవాళ్లలో ఆటలమ్మ ఊపిరితిత్తులకు పాకొచ్చు కాబట్టి ఆయాసం ఉందేమో చూడు, ఇంట్లో గర్భిణి ఉందా అడుగు.

జేబులో బాల్‌పెన్ను ఉంటుంది కదా. అనుమానం తీరని దద్దు అంచు చుట్టూ గీత గీసి, పక్కనే టైం రాయి. నీ డ్యూటీ దిగేటప్పుడు మళ్లీ వెళ్లి గీత దాటిందేమో చూడు.

మీ మామయ్య,
మహబూబ్‌నగర్