కాలి పిక్క కదలాలి – సిస్టరమ్మ జవాబులు

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మాది పలాస దగ్గర ఊరు. నాకు 43 ఏళ్లు. పదహారేళ్లుగా జీడి పిక్కల పనికి వెళ్తున్నాను. పొద్దున కూర్చుంటే భోజనాల దాకా లేవను. రెండో కాన్పు అయ్యాక ఎడమ మోకాలి వెనక నీలంగా నరాలు తేలాయి. ఇప్పుడవి కాలంతా మెలికలు తిరిగాయి. సాయంత్రానికి కాలు బండలా ఉంటుంది, రాత్రి పట్టేస్తుంది. నరాల బలహీనత అని మందుల షాపులో మాత్రలు ఇచ్చారు. మూడు నెలలు వాడాను. ఆపరేషన్ లేకుండా తగ్గే దారి ఉందా?
– ఒక సోదరి, పలాస మండలం

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ మాత్రల సంగతి. మన మాటలోనే ఒక చిక్కు ఉంది. తిమ్మిరెక్కితే నరం అంటాం, సెలైన్ పెట్టడానికి నర్సు చేతి మీద వెతికేదాన్నీ నరం అనే అంటాం. మొదటిది మెదడు నుంచి కబురు మోసేది. రెండోది రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే గొట్టం, పుస్తకాల్లో సిర అని రాస్తారు. మీకు ఉబ్బింది సిర. నరాల బలానికని ఇచ్చే బి కాంప్లెక్స్ మాత్రలు దానికేమీ చేయవు. ఆ డబ్బు దాచుకోండి.

నిలబడి ఉన్నప్పుడు పాదం దగ్గరి రక్తం గుండె దాకా చేరాలంటే దాదాపు నాలుగడుగులు పైకి ఎక్కాలి. గుండె కొట్టిన ఊపు అక్కడికి వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతుంది. అప్పుడు తోసేది కాలి పిక్క. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండ బిగిసి సిరను పిండుతుంది, రక్తం పైకి పోతుంది. అది మళ్లీ కిందికి జారకుండా సిర లోపల చిన్న చిన్న తలుపు రెక్కల్లాంటివి మూసుకుంటాయి. బోరింగు చూశారుగా, కొడుతున్నంతసేపే నీళ్లు. గంటల తరబడి కదలకుండా కూర్చున్నా, నిలబడినా ఆ బోరింగు ఆగినట్టే. ఆ రెక్కలు పాడైతే రక్తం వెనక్కి జారి నిలిచిపోతుంది, సిర సాగి మెలికలు పడుతుంది. దీన్నే వెరికోస్ వీన్స్ అంటారు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లు సిర గోడల్ని వదులు చేస్తాయి, పెరిగే గర్భసంచి పొత్తికడుపులోని సిరల్ని అదుముతుంది. అందుకే చాలామందికి కాన్పులతోనే మొదలవుతుంది. కొన్ని ఇళ్లలో తల్లి నుంచి కూతురికీ వస్తుంది.

మా అమ్మకి ఉండేవి, నాకూ వచ్చాయి. 31 ఏళ్లు వార్డుల్లో నిలబడ్డాను. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి మేజోళ్లు తీస్తే వాటి అంచు కాలి మీద గాడి పడి ఉండేది. వేలితో నొక్కితే ఆ గుంట అలాగే నిలిచేది. నేను ఒక అలవాటు చేసుకున్నాను. మందుల ట్రాలీ దగ్గర ఆగినప్పుడల్లా దాని కడ్డీ పట్టుకుని మడమలు ఎత్తి దించేదాన్ని, ఇరవై సార్లు. ఇప్పుడు పొయ్యి దగ్గర అన్నం ఉడికేటప్పుడు కూడా అదే చేస్తాను.

మీరూ గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. మేస్త్రీ ఊరుకోడంటే కూర్చున్నచోటే కాళ్లు చాపి, పాదాలు ముందుకీ వెనక్కీ ఇరవై సార్లు వంచండి. ఇంటికి వెళ్లాక పడుకుని, కాళ్లు గుండె కంటే ఎత్తున ఉండేలా దిండ్ల మీద పదిహేను నిమిషాలు పెట్టుకోండి. రోజూ అరగంట నడవండి. మలబద్ధకం ఉంటే ముక్కినప్పుడల్లా సిరల మీద ఒత్తిడి పెరుగుతుంది. చోడి అంబలి, ఆకుకూరలు మన ఇంట్లో ఉండేవే కదా, మానకండి. ఆ ఉబ్బుల మీద నూనె రాసి గట్టిగా పిసికించుకోవద్దు.

బిగుతు మేజోళ్లు బాగా పనిచేస్తాయి. పొద్దున మంచం దిగకముందే, కాలు వాయకముందే తొడుక్కోవాలి. అయితే షుగరు ఉన్నవాళ్లు, నడిస్తే కాలు లాగేవాళ్లు డాక్టరు చూడకుండా వేసుకోకూడదు. కాలికి రక్తం తెచ్చే ధమనులు సన్నబడి ఉంటే ఆ బిగుతు హాని చేస్తుంది.

మీది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. ఆ జబ్బు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కాలు నొప్పికని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కొనుక్కుని రోజూ మింగకండి, దయచేసి. అవి కిడ్నీలకి హాని చేస్తాయి.

ఇవన్నీ చేస్తే బరువు, వాపు, పట్టేయడం తగ్గుతాయి. తేలిన సిర మాత్రం లోపలికి పోదు. ఏ పసరూ దాన్ని పోగొట్టదు. అందుకని ఒకసారి శ్రీకాకుళంలో సర్జన్‌కి చూపించి సిరలో రక్తం ఎటు పోతోందో చూపే డాప్లర్ స్కాన్ చేయించుకోండి. ఇప్పుడు లేజర్‌తోనూ, సూదిమందుతోనూ సిరను మూసేస్తున్నారు, పెద్ద కోత ఉండదు. ఖర్చు గురించి ఎన్టీఆర్ వైద్యసేవ డెస్కులో ఆరోగ్యమిత్రను అడగండి.

చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి దురద పెడుతోందా, చూసుకోండి. పుండు పడేది సాధారణంగా అక్కడే. మందస వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అర్ధరూపాయంత పుండు మీద పసుపూ ఆకుపసరూ పెట్టి ఏడాది దాచుకుంది. వార్డుకి వచ్చేసరికి అది అరచేయంత అయింది. రోజూ కట్టు విప్పేది నేనే. వాసనకి ఆవిడే మొహం తిప్పుకునేది. బిగుతు కట్టు కట్టి, కాలు ఎత్తున పెట్టించాకే అంచుల నుంచి గులాబి రంగు చర్మం రావడం మొదలైంది.

ఉబ్బిన సిర చితికి రక్తం కారితే కంగారు పడకుండా పడుకుని కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి, తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమో అని అదే రోజు చూపించాలి. దానితో ఆయాసం కూడా వస్తే 108కి ఫోన్ చేయండి. మన వైపు కాలు వాచగానే బోదకాలు అనేస్తారు. అది దోమ కాటుతో వచ్చే వేరే జబ్బు, దాని మందులూ వేరే.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. నెల్లిమర్లలో ఉంటాను, జిమ్‌కి వెళ్తాను. చేతుల మీద నరాలు బాగా తేలుతున్నాయి, ఎండాకాలం మరీ ఎక్కువ. రక్తం చెడిపోయిందని అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: బాబూ, రక్తం ఏమీ చెడిపోలేదు. కొవ్వు తక్కువ, కండ ఎక్కువ ఉన్న చేతిలో సిరలు పైకి కనిపిస్తాయి. వేడికి శరీరం చల్లబడటానికి చర్మంలోకి ఎక్కువ రక్తం పంపుతుంది కాబట్టి వేసవిలో ఇంకా తేలుతాయి. నీలంగా కనిపించేది చర్మం గుండా వెలుతురు పడే తీరు వల్ల. లోపల ఉన్నది ముదురు ఎరుపు రక్తమే.

ఒకటి చేసి చూడు. చేయి కిందికి వేలాడేసి, ముంజేతి సిర మీద ఒక వేలు నొక్కిపెట్టి, రెండో వేలితో రక్తాన్ని మోచేతి వైపు తోసెయ్. తోసిన వేలు తీసినా, తలుపు రెక్క దాకా ఆ ముక్క ఖాళీగా ఉండాలి. కింద నొక్కిన వేలు తియ్యి, గబుక్కున నిండుతుంది. రక్తం ఒక్క వైపే పోతుందని విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు 1628లో ఇలాగే చూపించాడు. తర్వాత చేయి తలపైకి ఎత్తు, సిరలు అణిగిపోతాయి. ఎత్తినా అణగకుండా, ఒక్క చేయే వాచి రంగు మారితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించు.