వోల్టేజి, కరెంటు తెలిస్తే రెసిస్టెన్స్, పవర్ ఎలా లెక్కగట్టాలి? ఇంట్లో దీని అవసరం ఎక్కడొస్తుంది?

మీ మొదటి ప్రశ్నకి జవాబు రెండు ముక్కలే. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్, ఓమ్‌లలో. రెండింటినీ గుణిస్తే పవర్, వాట్లలో. పదో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు. పుస్తకంలో ఎప్పుడూ 12 వోల్టుల బ్యాటరీ, 2 ఆంపియర్ల కరెంటు, 6 ఓమ్‌లు, 24 వాట్లు, రెండు మార్కులు. ఆ బ్యాటరీ నుంచి వస్తువు దాకా వెళ్ళే తీగకి మాత్రం అసలు రెసిస్టెన్సే లేనట్టు గీస్తారు. జార్జ్ ఓమ్ ప్రయోగాలు చేసింది తీగల మీదే, తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటు ఎలా తగ్గుతుందో చూడ్డానికి. 1827లో ఆయన పుస్తకం అచ్చయింది. మన పాఠాల్లోకి వచ్చేసరికి ఆ తీగ సంగతే ఎగిరిపోయింది.

నన్నడిగితే ఇంట్లో ఈ లెక్క వేయాల్సింది గీజర్‌కి కాదు, గీజర్ దాకా వచ్చే వైరుకి.

విజయవాడలో మా అక్కావాళ్ళు అద్దెకుండే ఇంట్లో నీళ్ళు త్వరగా కాగట్లేదని గొడవ. గీజర్ 2000 వాట్లది. సర్వీసు కుర్రాడొచ్చి కాయిల్ మార్చి డబ్బులు తీసుకెళ్ళాడు, నీళ్ళు కాగడం మాత్రం మళ్ళీ మామూలే. తర్వాత ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చి, జేబులోంచి మీటర్ కూడా తీయకుండా, "లో వోల్టేజి సార్, మీ లైనంతా ఇంతే, స్టెబిలైజర్ పెట్టించుకోండి" అన్నాడు. ట్యూబ్‌లైట్ వెలగకపోయినా లో వోల్టేజే, ఫ్రిజ్ మోగినా లో వోల్టేజే. బావ పాపం స్టెబిలైజర్ రేట్లు కనుక్కునే పనిలో పడ్డాడు.

నేను వెళ్ళినప్పుడు అక్క, "ఏరా, ఓసారి చూసిపెట్టు, అటక దగ్గర ఏదో కాలిన వాసన కూడా వస్తోంది" అంది. ఆ ముక్క వాళ్ళిద్దరికీ చెప్పావా అంటే, "వాళ్ళు అడగలేదుగా" అంది.

గీజర్ ఆన్ చేసి కొలిచాను. టంగ్ టెస్టర్‌ని, అంటే వైరు చుట్టూ పటకారులా పట్టించి కరెంటు కొలిచే మీటర్‌ని, ఒక్క ఫేజ్ వైరుకే తగిలించాలి. మొత్తం కేబుల్‌కి తగిలిస్తే వెళ్ళే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది, అది చూసి మీటర్ పాడైందనుకుంటారు చాలామంది. కరెంటు 8 ఆంపియర్లు. అదే బోర్డులో పక్క సాకెట్ దగ్గర వోల్టేజి 211. భాగిస్తే 26.4 ఓమ్‌లు. గీజర్ మీద రాసిన 230 వోల్టులు, 2000 వాట్ల ప్రకారం రావాల్సింది 26.45. అంటే కాయిల్‌కి ఏ రోగమూ లేదు. మార్చకముందు కూడా ఉండి ఉండదని నా అనుమానం. గుణిస్తే 1688 వాట్లు. నీళ్ళు నిదానంగా కాగడానికి కారణం అదీ.

గీజర్ ఆన్‌లో ఉండగానే మెయిన్ బోర్డు దగ్గర చూస్తే 225. లైన్ బాగానే ఉంది, స్టెబిలైజర్ మాట మర్చిపోండి. మిగతా 14 వోల్టులు గోడలో పోతున్నాయి. 14ని 8తో భాగిస్తే 1.75 ఓమ్‌లు, గుణిస్తే 112 వాట్లు. ఇల్లు కట్టినవాళ్ళు గీజర్‌కి కూడా లైట్లకి వాడే ఒన్ ఎంఎం (అంటే అడ్డుకోత ఒక చదరపు మిల్లీమీటరు) రాగి వైరే లాగారు. రానూపోనూ 40 మీటర్లు వేసుకున్నా దాని రెసిస్టెన్స్ 0.7 ఓమ్ చిల్లర. ఇంకో ఓమ్ ఏదో ఒకచోట కూర్చుంది. 8 ఆంపియర్లకి ఆ ఒక్క ఓమ్ దగ్గర పుట్టే వేడి 64 వాట్లు. పాతకాలపు 60 వాట్ల బల్బుని చేత్తో పట్టుకున్నవాళ్ళకి అదెంతో తెలుసు.

మెయిన్ ఆపేసి అటక మీదున్న జంక్షన్ బాక్స్ తెరిస్తే, రెండు వైర్లని చేత్తో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు కనపడింది. టేపు కరిగి బాక్సుకి అతుక్కుంది. రాగి నల్లబడింది. పైనున్న ప్లాస్టిక్ ముట్టుకుంటే పెచ్చులుగా రాలింది. కాలిన భాగం కత్తిరించి, స్క్రూ కనెక్టర్ పెట్టి బిగించాక గీజర్ దగ్గర 219 వోల్టులు, 8.3 ఆంపియర్లు. వైరు మార్చించమని అక్క ఇంటి ఓనరుని అడిగితే, "ఇన్నేళ్ళలో ఏ టెనెంటూ అడగలేదమ్మా" అన్నాడు.

మరి ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్, ఎందుకు పడలేదు? 16 ఆంపియర్ల ఎంసీబీ అది. జాయింటు చెడేకొద్దీ దారిలో రెసిస్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుందే తప్ప పెరగదు. ఎంసీబీ చూసేది కరెంటునే, దానికి అంతా భేషుగ్గా ఉన్నట్టే. బిల్లులో కూడా తెలియదు, అరగంట వేస్తే పోయేది యూనిట్లో ఇరవయ్యో వంతు. పేపర్లో 'షార్ట్ సర్క్యూట్ వల్ల అగ్నిప్రమాదం' అని రాసేవాటిలో చాలావరకు ఇలాంటి లూజు జాయింట్లేనని నా గట్టి నమ్మకం. ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధం.

గీజర్, ఇస్త్రీపెట్టె, హీటర్ రాడ్ లాంటివాటికే ఈ భాగహారం చెల్లుతుంది. ఫ్యాన్‌కీ మోటారుకీ వేయకండి. అక్కడ వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది నిజమైన వాట్లు కాదు, పవర్ ఫ్యాక్టర్ అడ్డొస్తుంది, అంటే అక్కడ వోల్టేజి, కరెంటు ఒకే లయలో నడవవు. పైగా వోల్టేజి తగ్గితే గీజర్ తక్కువ కరెంటు లాగుతుంది. బోరు మోటారు లోడు మీద ఉంటే ఎక్కువ లాగుతుంది, వైండింగ్ కాలేది అందుకే. పొలంలో మోటారు గురించి అయితే విడిగా అడగండి, అది ఇంతకంటే పెద్ద కథ.